ఇంట్లో ఒకరి తీరిక, మరొకరి పరుగు

ప్రశ్న: నా వయసు 37. మావారు, నేను ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. చందానగర్‌లో సొంత ఫ్లాటు, దాని మీద అప్పు ఇంకా తొమ్మిదేళ్లు కట్టాలి. నాలుగో తరగతి చదివే పాప ఉంది. మా అత్తగారు మా దగ్గరే ఉంటారు. ఉదయం ఐదుంపావుకు లేచింది మొదలు టిఫిను, మూడు డబ్బాలు, పాప జడ, స్కూలు బస్సు, ఆ తర్వాత ఆఫీసు. సాయంత్రం పాపను అబాకస్‌కో ఈతకో డాన్సుకో దింపాలి. రాత్రి తొమ్మిదిన్నరకు న్యూజెర్సీ వాళ్లతో మీటింగు. పడుకునేసరికి పదకొండున్నర. మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. మావారు చాలా నెమ్మదైన మనిషి. ఎంత పనున్నా ఉదయం కాఫీ తాగుతూ పేపరు మొత్తం చదువుతారు. అలా ఉండటం నాకెందుకు చేతకాదో తెలియదు. పోయిన నెల పాప తన బొమ్మకు అన్నం తినిపిస్తూ "తొందరగా మింగు, బస్సు వెళ్లిపోతుంది" అంటుంటే విన్నాను. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. పల్లెల్లో మట్టి ఇళ్లు కట్టుకుని హాయిగా బతికేవాళ్ల వీడియోలు రోజూ చూస్తున్నాను. ఉద్యోగం మానేసి తెనాలి దగ్గర మా పుట్టింటి ఊరు వెళ్లిపోదామంటే మావారు నవ్వేస్తారు. పదో తరగతి దాకా సంగీతం నేర్చుకున్నాను. ఇప్పుడు శ్రుతిపెట్టె బీరువా మీద ఉంది. నిదానంగా బతకడం నాలాంటివాళ్లకు సాధ్యమేనా? మావారితో ఎలా మాట్లాడాలి?

— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో పాప బొమ్మ గురించిన మాట చదివి బాధపడ్డాను. కానీ నన్ను ఆపేసి మళ్లీ చదివించిన వాక్యం మీవారి కాఫీ గురించినది. ఆయనలా ఉండటం మీకు చేతకావడం లేదని రాశారు. ఆయన పేపరు చదివే ఆ అరగంటలో మీరేం చేస్తున్నారో కూడా మీ ఉత్తరంలోనే ఉంది: టిఫిను, మూడు డబ్బాలు, జడ, బస్సు. మీరు వాటిని వదిలేసి కూర్చుంటే ఆయన పేపరు మొదటి పేజీ దాటదు. ఆయనది నెమ్మదైన స్వభావమే కావచ్చు, కాదనను. ఆ స్వభావం నిలబడటానికి కావలసిన అరగంటను మాత్రం రోజూ మీరే సమకూర్చి పెడుతున్నారు. కాబట్టి చేతకాదన్న మాటను ముందు మనసులోంచి తీసేయండి.

మీవారిని తప్పుపట్టాలన్న ఉద్దేశం నాకు లేదు. ఇది మీ ఒక్క ఇంటి సంగతీ కాదు. మన దేశంలో జనం రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో కేంద్ర ప్రభుత్వ గణాంక కార్యాలయం 2019లో ఒకసారి, 2024లో మరోసారి లెక్క తీసింది. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని మొదటిసారి తేలింది. రెండోసారి అవి 289, 88 అయ్యాయి. ఐదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గితే, మగవాళ్లకూ తొమ్మిది తగ్గాయి! పైగా ఇది ఆ పనిలో అసలంటూ చెయ్యి పెట్టేవాళ్ల సగటు మాత్రమే. 2019 లెక్క ప్రకారం రోజూ ఇంటిపని చేసే మగవాళ్లు నూటికి 26 మంది, ఆడవాళ్లు 81 మంది. ఉద్యోగం చేసి వచ్చి, దాని పైన మీరు మోస్తున్న బరువు ఇది. నిదానంగా బతకమని చెప్పే వీడియోలు ఈ ఐదు గంటల ఊసెత్తవు. టీ మెల్లగా గుక్క గుక్కగా తాగమంటాయి, ఆ టీ గిన్నె ఎవరు తోమాలో చెప్పవు.

నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. ఇంట్లో తీరిక ఉమ్మడి ఆస్తి లాంటిది. అది ఒక్కరికే దక్కుతోందంటే ఇంకొకరి వాటా అందులో కలిసిపోయిందన్నమాట. మీకు కావలసింది మీ వాటా. దానికి ఊరు మారనక్కరలేదు.

మిగతావన్నీ మాట్లాడుకునే ముందు ఒక పని వెంటనే చేయండి. పదకొండున్నరకు పడుకుని ఐదుంపావుకు లేస్తున్నారు, మధ్యలో మూడింటికి మెలకువ వస్తోంది. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర ఉండాలన్నది వైద్యుల మాట. మీకు మధ్యలో మెలకువ రాని రోజున కూడా ఆరు గంటలు నిండటం లేదు. మీకు తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్లి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒంట్లో రక్తం లేక వచ్చే నీరసాన్ని జీవన విధానం తాలూకు దిగులుగా పొరబడేవాళ్లు చాలామంది ఉంటారు. పరీక్షల్లో ఏమీ తేలకపోయినా నిద్ర రాకపోవడం, ఊరికే ఏడుపు రావడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి ఉంటే 14416కు ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్. ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక పల్లెటూరి సంగతి. మీ పుట్టింటి ఊరు కృష్ణా డెల్టాలో ఉంది కాబట్టి అక్కడి పని మీకు నేను చెప్పాలా? కాలువకు నీళ్లు వదిలారంటే నారుమళ్లు, ఆ వెంటనే ఊడ్పులు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, చేను ఇంకా నిలబడి ఉండగానే మినుములు చల్లాలి. ఆలస్యమైతే నేలలో పదును పోతుంది, మొలక రాదు. గేదె ఉంటే తెల్లవారకముందే పాలు పితకాలి, పాల కేంద్రం వేళకు అందించాలి, సాయంత్రం మళ్లీ అంతా మొదలు. గేదెకు ఆదివారం లేదు, పండగ లేదు. మట్టి ఇల్లు చూడటానికి చల్లగా ఉంటుంది, వానాకాలం వెళ్లాక గోడలు మెత్తి అలకవలసింది మళ్లీ ఆడవాళ్లే. పల్లెలో హాయి లేదని నేననను. అక్కడ మనుషులు ఒకరి ఇంటికి ఒకరు ఫోను చేయకుండా వెళతారు, ఆ సౌఖ్యం మీ అపార్ట్‌మెంట్‌లో లేదు. కానీ ఉదయం ఎవరు ముందు లేస్తారు, ఎవరు చివర తింటారు అన్న లెక్క ఊరు మారితే మారదు. ఈసారి అమ్మగారితో మాట్లాడినప్పుడు మీ చిన్నతనంలో ఆవిడ ఎన్నింటికి లేచేవారో అడగండి. ఆవిడ జవాబు ఆ వీడియోలన్నిటికన్నా మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఉద్యోగం మానడం గురించి కూడా ఇప్పుడే ఏమీ నిర్ణయించకండి. అలసిపోయి ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయంలో మనిషి కన్నా అలసటే ఎక్కువ మాట్లాడుతుంది. తొమ్మిదేళ్ల అప్పు, ఒక్కరి జీతం అయితే మీవారు రాత్రి కూడా పనిచేయడం మొదలుపెట్టవచ్చు. అప్పుడు పరుగు మీ నుంచి ఆయనకు మారుతుందే తప్ప ఇంట్లోంచి పోదు. ఏడాది తర్వాత, ఒంట్లో ఓపిక వచ్చాక, అప్పటికీ మానేయాలనే అనిపిస్తే అది నిజమైన కోరిక. అప్పుడు మళ్లీ రాయండి.

సరే, మీ వాటా ఎలా వస్తుంది? చాలామంది ఆడవాళ్లు చేసే పొరపాటు, "కాస్త సాయం చేయండి" అని అడగడం. సాయం అడిగినంతకాలం పని మీదే, గుర్తుపెట్టుకునే భారమూ మీదే. ఆయన నీళ్ల సీసా నింపుతారు. సీసా నింపాలని చెప్పవలసింది మాత్రం రోజూ మీరే. అసలు అలసట ఆ చెప్పడంలోనే ఉంది. అందుకని ముక్కలు ముక్కలుగా వద్దు. ఒక పనిని మొదలు నుంచి చివర దాకా, దాని జ్ఞాపకంతో సహా, ఆయనకు అప్పగించండి. నేనైతే పాప ఉదయం మొత్తం అప్పగించమంటాను. నిద్ర లేపడం, స్నానం, యూనిఫాం, మధ్యలో తినే చిరుతిండి డబ్బా, నీళ్ల సీసా, డైరీలో సంతకం, ఏ రోజు తెల్ల దుస్తులు వేయాలో గుర్తుంచుకోవడం, జడ, బస్సు. అవును, జడ కూడా. రెండు వారాలు వంకరగా వస్తుంది, పాపిడి పక్కకు పోతుంది, రిబ్బను ఊడిపోతుంది. మూడో వారానికి వచ్చేస్తుంది. తండ్రి ముందు తల వంచుకుని కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్ల ఆ పది నిమిషాల్లో ఎన్ని కబుర్లు చెబుతుందో ఆయనకు ఇంతవరకు తెలిసి ఉండదు.

అప్పగించాక మీరు చేయవలసిన కష్టమైన పని, ఊరుకోవడం. గుర్తు చేయకండి, చీటీ రాసి ఫ్రిజ్‌కు అంటించకండి, జడ విప్పి మళ్లీ వేయకండి. ఒకరోజు బస్సు వెళ్లిపోతుంది. ఆయన బండి మీద దింపి వస్తారు, ఆఫీసుకు ఆలస్యంగా వెళతారు. మర్నాటి నుంచి బస్సు వేళ ఆయనకు మీకన్నా బాగా గుర్తుంటుంది. బస్సు తప్పినరోజు మీరు కలగజేసుకుంటే మాత్రం ఆ పని సాయంత్రానికల్లా మళ్లీ మీ దగ్గరికే వచ్చేస్తుంది.

కొడుకు టిఫిను డబ్బా సర్దుతుంటే అత్తగారు బాధపడవచ్చు. ఆ మాట ఆవిడకు చెప్పవలసింది మీరు కాదు, ఆయన. "ఉదయం పాప పని నాదమ్మా, నేనే చేస్తానన్నాను" అని ఆయన నోటితో ఒక్కసారి వస్తే చాలు, మీ మీద మాట పడదు. ఇంకో సంగతి. పని తగ్గించుకునే తొందరలో ఆ బరువును అత్తగారి మీదకు జరపకండి. ఆవిడ కూడా తన కాలంలో ఈ పరుగంతా పరిగెత్తినావిడే. కూరలు తరగడం ఆవిడకు ఇష్టమైతే చేయనివ్వండి, మీరూ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలవండి. ఫోను పక్క గదిలో పెట్టి చేసే అలాంటి పని పావుగంటైనా విశ్రాంతే. అదే పనిని ఆవిడకు రోజువారీ డ్యూటీగా మార్చితే అది ఇంకొకరి తీరికను లాక్కోవడమే అవుతుంది.

టిఫిను విషయంలో కూడా నా అభిప్రాయం చెబుతాను. నిదానంగా బతకడమంటే మినప్పప్పు నానబెట్టి ఇంట్లోనే రుబ్బుకోవాలని, పొడులన్నీ ఇంట్లోనే కొట్టుకోవాలని కొందరు అంటారు. ఎవరు రుబ్బాలో తేలని ఇంట్లో ఆ సలహా ఆడవాళ్లకు మరో గంట పని. మీ వీధిలో మంచి ఇడ్లీ పిండి దొరికితే నిశ్చింతగా కొనుక్కోండి. ఆదివారం అందరూ కలిసి, తలా ఒక పనీ చేసి పెసరట్లు వేసుకుంటే అది వేరు. అప్పుడు రుబ్బడం కూడా సరదాగానే ఉంటుంది.

ఆఫీసు మీటింగు గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, నాకు మాత్రం మీ రోజును చెడగొడుతున్నది అదేననిపిస్తోంది. మార్చి నుంచి నవంబరు దాకా న్యూజెర్సీ మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. మన రాత్రి తొమ్మిదిన్నరంటే వాళ్లకు మధ్యాహ్నం పన్నెండు. అదే మీటింగు మన సాయంత్రం ఆరున్నరకు పెడితే వాళ్లకు ఉదయం తొమ్మిది, ఆఫీసు మొదలయ్యే వేళ. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుతారు, తేడా పదిన్నర గంటలవుతుంది. అప్పుడు ఏడున్నరకు పెట్టుకుంటే మళ్లీ వాళ్లకు తొమ్మిదే. ఇది అడగరాని కోరిక కాదు. చాలా జట్లలో మీటింగు వేళ ఎవరో ఎప్పుడో పెట్టినది అలాగే ఉండిపోతుంది, మార్చమని ఎవరూ అడగరు. మీ మేనేజరును అడిగేటప్పుడు ఇంట్లో ఇబ్బంది అని మొదలుపెట్టకండి, ఈ లెక్క కాగితం మీద చూపించండి. రోజూ కుదరదంటే వారంలో మూడు రోజులు అడగండి. రాత్రి ఎనిమిది దాటాక ఆఫీసు ఫోను తీయనవసరం లేకుండా ఉండటం విలాసం అనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి అది చట్టం. 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థలు పని వేళల తర్వాత ఉద్యోగిని వదిలేసే పద్ధతి గురించి ఉద్యోగులతో చర్చించి తీరాలి. మన లోక్‌సభలో 2018లో సుప్రియా సూలే ఇలాంటి ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు, అది చట్టం కాలేదు. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 అన్న హద్దును మాత్రం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లోనే పరిశ్రమలకు గీసింది, అప్పట్లో మనకు వారానికి 60 గంటల సడలింపుతోనే అయినా, 1921లోనే మన దేశం ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. నూరేళ్ల కిందటి కార్మికులు పోరాడి తెచ్చుకున్న దాన్ని ఫోను చేతికి వచ్చాక మనమే వదులుకుంటున్నాం. నాకు దీని మీద కోపం ఉంది, దాచుకోను.

ఫోను గురించి చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. మీరే ఒక వేళ పెట్టుకోండి, నలుగురికీ చెప్పండి, దాని మీద నిలబడండి. నిలబడటం అన్నప్పుడు నాకు గాంధీజీ మౌనవారం గుర్తుకొస్తుంది. సోమవారం ఆయన మాట్లాడేవారు కాదు. 1947 జూన్ 2 సోమవారం. దేశ విభజన ప్రణాళిక చెప్పడానికి అప్పటి వైస్రాయి మౌంట్‌బాటన్ ఆయనను కలిశారు. అంతకన్నా మాట్లాడవలసిన రోజు ఆయన జీవితంలో ఉండి ఉండదు. ఆ రోజు కూడా గాంధీజీ నోరు విప్పలేదు, చెప్పదలచుకున్నది వాడేసిన కవర్ల వెనక పెన్సిలుతో రాసి ఇచ్చారు. వైస్రాయి ఎదుట కూర్చున్నా ఆయన సోమవారం సోమవారమే. మీ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో నీళ్ల ట్యాంకరు గురించి వచ్చే మెసేజి రాత్రి తొమ్మిదికి చూడకపోతే ఏమీ కాదు. గ్రూపులన్నిటినీ మ్యూట్ చేసి, స్కూలు వాళ్లది ఒక్కటే ఉంచండి. అది కూడా మీవారి ఫోనులో.

పాప క్లాసుల గురించి కాస్త కఠినంగానే చెబుతాను. అబాకస్, ఈత, డాన్సు మూడూ అక్కరలేదు. ఏది ఉంచాలో పాపనే అడగండి. మిగతా రెండు ఈ నెల ఫీజుతో ఆపేయండి. కట్టిన డబ్బు పోతుందని చివరిదాకా లాగకండి. ఖాళీగా ఉంటే పాప "బోరు కొడుతోంది" అంటుంది, మొదటి వారమంతా అంటుంది. ఫోను ఇవ్వకుండా వదిలేయండి. కింద ఆడుకునే పిల్లలు ఉంటారు, నానమ్మ ఉంటుంది, గోడకు కొట్టే బంతి ఉంటుంది. పిల్లలు ఏమీ తోచని సాయంత్రాల్లోనే తమంతట తాము ఏదో ఒకటి కల్పించుకుని ఆడటం నేర్చుకుంటారు. మీకూ వారానికి రెండు మూడు సాయంత్రాలు రోడ్డు మీద గడపడం తప్పుతుంది.

పది నిమిషాల్లో సరుకులు తెచ్చే ఆప్ గురించి మీరు రాయలేదు, కానీ మీలాంటి ఇంట్లో అది లేకుండా ఉండదు. కొత్తిమీర మరిచిపోతే పది నిమిషాల్లో ఎవరో ఒక కుర్రవాడు వానలో తెచ్చి ఇస్తాడు. మన పరుగు ఆ క్షణానికి అతని మీదకు వెళ్లింది. నిదానం అన్న మాటకు ప్రపంచంలో పేరు తెచ్చిన ఇటలీ వాళ్లు ఈ సంగతి బాగా గ్రహించారని నా అభిప్రాయం. 1986లో రోమ్ నగరంలో స్పానిష్ మెట్ల దగ్గర మెక్‌డొనాల్డ్స్ తెరవబోతుంటే కార్లో పెత్రీని, ఆయన మిత్రులు నిరసన తెలిపారు. అందులోంచి స్లో ఫుడ్ ఉద్యమం పుట్టింది. 1989లో పారిస్‌లో పలు దేశాల వాళ్లు దాని ప్రకటన మీద సంతకాలు చేశారు. నత్త వాళ్ల గుర్తు. తిండి రుచిగా ఉండాలి, నేలకు హాని చేయకుండా పండాలి, పండించినవాడికి న్యాయమైన ధర రావాలి అన్నవి వాళ్లు పెట్టుకున్న మూడు షరతులు. ఆ మూడో షరతును మనం వదిలేసి మొదటి దాన్ని మాత్రం ఫొటోలు తీసుకుంటున్నాం. మీ ఇంట్లో ఇది ఎలా కుదురుతుందంటే, వారానికి సరిపడా చీటీ రాసుకుని శనివారం పొద్దున్నే కూకట్‌పల్లి రైతు బజారుకు ఇద్దరూ కలిసి వెళ్లండి, పాపనూ తీసుకెళ్లండి. మరిచిపోయిన కొత్తిమీర లేకుండానే ఆ పూట చారు కాచుకోండి. మీ ఇంటి పనికి వచ్చే ఆవిడకు నెలకు నాలుగు సెలవులు ముందే చెప్పి ఇవ్వండి, ఆ రోజుల్లో గిన్నెలు ఎవరు తోమాలో కూడా ముందే అనుకోండి.

ఇవన్నీ చేస్తే ఉదయం అరగంట, రాత్రి గంట, సాయంత్రాలు కొన్ని మీ చేతికొస్తాయి. వాటిని ఏం చేస్తారు? ఇక్కడే చాలామంది జారిపోతారు. ఖాళీ వేళ దేనికో ముందే నిర్ణయించకపోతే ఫోను దాన్ని తినేస్తుంది. మీ విషయంలో నాకు వెతుక్కోవలసిన పని లేదు, బీరువా మీద శ్రుతిపెట్టె ఉందని మీరే రాశారు. దింపండి. తిత్తి ఎండిపోయి గాలి పోతుంటే బాగుచేయించండి. ఉదయం అరగంట, తలుపు వేసుకుని, సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ వరుసలతో మొదలుపెట్టండి. కృతులు వద్దు, వర్ణాలు వద్దు. మాయామాళవగౌళ రాగం, ఆదితాళం, అన్నిటికన్నా నెమ్మదైన ఒకటో కాలం. దెబ్బకు ఒక్క స్వరం.

ఒకటో కాలం చిన్నప్పుడు సులువనుకున్నాం కదా, రెండో కాలం మూడో కాలం వస్తే గొప్పనుకున్నాం. ఇప్పుడు పాడి చూడండి. మూడో కాలంలో దెబ్బకు నాలుగు స్వరాలు పరిగెత్తుతుంటే రిషభం కాస్త ఎక్కువైనా ఎవరికీ వినపడదు. ఒకటో కాలంలో ఆ రిషభం మీద ఒక దెబ్బంతా నిలబడాలి. శుద్ధ రిషభం షడ్జమానికి ఎంత దగ్గరో, ఎక్కడ ఆగాలో చెవికి తెలియాలి, ఊపిరి చాలాలి, తర్వాతి స్వరం మీదకు ముందే దూకేయాలన్న తహతహను ఆపాలి. క్షేత్రయ్య పదాలను చౌకకాలంలో, అంటే బాగా నెమ్మదిగా, పాడే విద్వాంసులను అందుకే అంత గౌరవిస్తారు. పల్లవిలో ఒక్క మాట మీద వాళ్లు గడిపే సేపు వినేవాడికి హాయి, పాడేవాడికి అది ఏళ్ల సాధన. పరుగుకు అలవాటు పడిన ఒళ్లు నిదానాన్ని ఒక్కరోజులో ఒప్పుకోదు. మొదటి రోజుల్లో ఆ అరగంటలో మీకు హాయిగా ఏమీ ఉండదు. పొయ్యి కట్టేశానా, ఆ మెయిలుకు జవాబిచ్చానా అని చెయ్యి తాళం తప్పుతుంది, లేచిపోవాలనిపిస్తుంది. అది సహజం. తాళం తప్పిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టండి. ఎవరికీ వినిపించకండి, రికార్డు చేయకండి, ఎక్కడా పెట్టకండి. పాప వచ్చి పక్కన కూర్చుంటే కూర్చోనివ్వండి, నేర్పే ప్రయత్నం చేయకండి.

మీవారితో ఎలా మాట్లాడాలని చివర్లో అడిగారు. రాత్రి మీటింగు ముగిశాక, ఇద్దరూ అలసి ఉన్నప్పుడు మాట్లాడకండి. ఆదివారం సాయంత్రం ఒక తెల్ల కాగితం తీసుకుని ఇంట్లో జరిగే పనులన్నీ ఇద్దరూ కలిసి రాయండి. గ్యాసు బుక్ చేయడం, అత్తగారి బీపీ మాత్రలు అయిపోకముందే తేవడం, పాప స్నేహితురాలి పుట్టినరోజుకు బహుమతి కొనడం లాంటి కంటికి కనిపించని పనులు కూడా. ఎవరి పని ఎదురుగా వాళ్ల పేరు రాయండి. వ్యాఖ్యానం ఏమీ చేయకండి, కాగితం ఆయన చేతికివ్వండి. నెమ్మదైన మనిషి అన్నారు కాబట్టి చదువుతారు. ఊరికి వెళ్లిపోదామన్నప్పుడు ఆయన నవ్వారంటే అందులో ఆయన చేయగలిగింది ఏమీ కనిపించలేదేమో. ఇప్పుడు కనిపించేలా చెప్పండి: "మనం ఊరు మారవద్దు, నేను ఉద్యోగం మానను. నాకు రోజూ ఉదయం అరగంట కావాలి. అందుకు పాప ఉదయం పనంతా మీరు తీసుకోవాలి." అంతవరకే. పాత సంగతులు తవ్వకండి, ఇన్నేళ్లు నేనొక్కదాన్నే చేశానని అనకండి, అది నిజమే అయినా. మళ్లీ నవ్వేస్తే అదే మాట అదే గొంతుతో ఇంకోసారి చెప్పి ఆగండి. ఒప్పుకున్నాక, ఏ రోజు నుంచి మొదలుపెడతారో ఆ తేదీ మాత్రం ఆయన చేతే చెప్పించండి.